స్టాండప్ ప్యాడిల్, లాంగ్‌బోర్డ్ పోటీలు: తరచుగా అడిగే ప్రశ్నలు

స్టాండప్ ప్యాడిల్ అంటే బోర్డు మీద నిలబడి తెడ్డు వేసుకుంటూ పోవడం, లాంగ్‌బోర్డ్ అంటే పొడవాటి బోర్డు మీద కెరటం సవారీ. సరదాగా తెడ్డు వేయడం, కెరటం ఎక్కడం వచ్చినవాళ్లు మొదటిసారి పోటీకి పేరిచ్చేముందు అడిగే ప్రశ్నలివి. బలం చాలక వెనకబడేవాళ్లు తక్కువ. బోయ (మలుపు గుర్తుగా నీళ్ల మీద తేలేది) దగ్గర వేగం పోగొట్టుకుని, తమది కాని కెరటం ఎక్కి, హీట్ (పోటీలో ఒక విడత) సగం గడిచేదాకా మంచి కెరటం కోసం కూర్చుని ఓడేవాళ్లే ఎక్కువ. అందుకే ఆ విషయాలకు ఇక్కడ ఎక్కువ చోటిచ్చాం.

ఈ రెండూ ఒకే ఆట కిందికి వస్తాయా?

పాలన వరకు ఒకే గొడుగు కింద ఉన్నాయి. అంతర్జాతీయ సర్ఫింగ్ సంఘం (ఐఎస్ఏ) రెండింటినీ చూస్తుంది. స్టాండప్ ప్యాడిల్‌కు (వాడుకలో ‘సప్’) ఐఎస్ఏ 2012 నుంచి ప్రపంచ పోటీలు జరుపుతోంది. తెడ్డు ఉంది కాబట్టి ఇది మాదేనని అంతర్జాతీయ కనూ సమాఖ్య (ఐసీఎఫ్) కూడా ముందుకొచ్చింది. వివాదం క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానం దాకా వెళ్లింది. ఒలింపిక్ స్థాయిలో సప్ పాలన ఐఎస్ఏదేనని 2020లో తీర్పు వచ్చింది. ఐసీఎఫ్ తన పోటీలు తాను జరుపుకుంటోంది. మీకు దీనితో పనేమిటంటే, బోర్డు కొలతలు, రేసు రకాలు ఏ సంస్థ పోటీ అన్నదాన్ని బట్టి మారతాయి. పేరిచ్చేముందు ఆ పోటీ నిబంధనల పుస్తకం తెచ్చుకుని చదవండి. మన దేశంలో సర్ఫింగ్, సప్ పోటీలకు ఐఎస్ఏ గుర్తింపున్న సంస్థ సర్ఫింగ్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా.

ఆటలుగా చూస్తే రెండూ వేరు. సప్ రేసులో గడియారం, ముగింపు గీత తేలుస్తాయి. లాంగ్‌బోర్డ్‌లో న్యాయనిర్ణేతల కళ్లు తేలుస్తాయి. సప్ సర్ఫింగ్ అని మధ్యలో ఒకటుంది. చేతిలో తెడ్డు, కింద కెరటం, మార్కులు మాత్రం సర్ఫింగ్ పద్ధతిలో.

ఒలింపిక్స్‌లో ఉన్నాయా?

లేవు. టోక్యో, పారిస్ ఒలింపిక్స్‌లో జరిగింది షార్ట్‌బోర్డ్ (పొట్టి బోర్డు) సర్ఫింగే. అయితే 2019 లిమా పాన్ అమెరికన్ క్రీడల్లో సప్ రేసు, సప్ సర్ఫింగ్, లాంగ్‌బోర్డ్ మూడూ ఉన్నాయి.

సప్ రేసుల్లో ఏయే రకాలుంటాయి?

ముఖ్యంగా మూడు. 200 మీటర్ల స్ప్రింట్ ఒక నిమిషం అటూ ఇటూ తేలిపోతుంది. టెక్నికల్ రేసు కొన్ని కిలోమీటర్లే. కానీ ఒడ్డు నుంచి పరుగు, విరిగే కెరటాలు దాటడం, బోయలు తిరగడం, కెరటం మీద వెనక్కి రావడం అన్నీ అందులోనే. మూడోది దూరపు రేసు. ప్రపంచ పోటీల్లో ఇది పదిహేను కిలోమీటర్లు దాటుతుంది. మొదటిసారి వెళ్లేవాళ్లు చదునైన నీళ్ల మీద అయిదు కిలోమీటర్ల రేసుతో మొదలుపెట్టడం మంచిది. గంటకు ఏడు కిలోమీటర్ల వేగం నిలబెట్టగలిగితే 43 నిమిషాల్లో అయిపోతుంది.

ఏ బోర్డు కొనాలి? గాలి నింపే బోర్డుతో పోటీ చేయొచ్చా?

రేసులో ప్రామాణిక పొడవు 14 అడుగులు, అంటే 427 సెంటీమీటర్లు. గాలి బోర్డులకు విడి విభాగం పెట్టే పోటీల్లో సాధారణంగా 12 అడుగుల 6 అంగుళాలు. మొదటి రేసుకు గాలి బోర్డు చాలు, ఆ విభాగం ఉందో లేదో మాత్రం కనుక్కోండి.

పొడవు కన్నా వెడల్పు దగ్గరే ఎక్కువమంది పొరపడతారు. గెలిచేవాళ్ల బోర్డు 21, 22 అంగుళాలుందని అదే కొంటారు. దాని మీద నిలబడటానికే కాళ్లు వణికి, ప్రతి స్ట్రోక్ (తెడ్డు లాగు) సగంలో ఆగిపోతుంది. 60 కిలోల మనిషి 24-25 అంగుళాలతో, 85 కిలోల మనిషి 26-28 అంగుళాలతో మొదలుపెట్టాలి. పక్కనుంచి చిన్న అలలు కొడుతున్నా కాళ్లకేసి చూడకుండా ఇరవై నిమిషాలు తెడ్డు వేయగలిగిన రోజున ఒక అంగుళం తగ్గించుకోవచ్చు.

గాలి బోర్డులో తయారీదారు చెప్పిన ఒత్తిడి, చాలావాటికి 15 పీఎస్ఐ దగ్గర, పూర్తిగా నింపండి. 10 దగ్గర ఆపేస్తే నడుమ కుంగి నీళ్లను తోసుకుంటూ పోతుంది. రేసు అయ్యాక ఎండలో వదిలేసేటప్పుడు మాత్రం కొంత గాలి తీసేయండి. లోపలి గాలి వేడెక్కి అతుకులు విడిపోతాయి.

తెడ్డు ఎంత పొడవుండాలి?

రేసుకు మీ ఎత్తు కన్నా 20 నుంచి 25 సెంటీమీటర్లు ఎక్కువ. సప్ సర్ఫింగ్‌కు 5 నుంచి 10 చాలు. 170 సెంటీమీటర్ల మనిషికి రేసు తెడ్డు 190-195, సర్ఫ్ తెడ్డు 175-180 అన్నమాట. కార్బన్ తెడ్డు కొంటే కాడ పొడవుగానే వస్తుంది, మనమే కోసుకోవాలి. వెంటనే కోయొద్దు. పైపిడిని టేపుతో బిగించి రెండు వారాలు వాడండి. పైచేయి నుదురు దాటి పైకి పోతూ భుజం నొప్పెడితే తెడ్డు పొడవెక్కువ. తెడ్డు రెక్క (కింది వెడల్పాటి భాగం) మునగడానికి ప్రతిసారీ నడుం వంగుతుంటే తక్కువ. తేలాక కోసి, హాట్‌మెల్ట్ జిగురుతో పిడి అతికించండి. తర్వాత మార్చాలన్నా హెయిర్ డ్రయ్యర్ వేడికి ఆ జిగురు వదులుతుంది. హీట్ గన్ వాడితే కార్బన్‌లోని రెజిన్ దెబ్బతింటుంది.

బలంగా లాగుతున్నా బోర్డు పక్కకే తిరుగుతోంది, ఎందుకు?

మూడు కారణాల్లో ఒకటై ఉంటుంది. కాడ నిలువుగా లేకపోవడం మొదటిది. పైచేయి కింది చేతికి సరిగ్గా పైన, బోర్డు అంచు దాటి నీళ్ల మీద ఉండాలి. పైచేయి మీ ఛాతీ ముందే ఉంటే తెడ్డు వంకరగా దిగి, బోర్డును ముందుకు కాకుండా పక్కకు తోస్తుంది. రెండోది, రెక్క పూర్తిగా మునగక ముందే లాగడం. అప్పుడు ‘గుళుక్’మని గాలి మింగిన చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు వచ్చిందంటే ఆ స్ట్రోక్ వృథా. మూడోది, పాదాలు దాటి వెనక్కి లాగడం. పాదాల వెనక లాగినదంతా బోర్డు తోకను (వెనక కొసను) కిందికి నొక్కి ముక్కును (ముందు కొసను) తిప్పుతుంది. ముందుకు వంగి అందుకోండి, రెక్క మొత్తం ముంచండి, పాదాల దగ్గరికి రాగానే తీసేయండి.

రెక్క ఏ వైపుకు పట్టుకోవాలన్న సందేహం చాలామందికి ఉంటుంది. కాడ నుంచి రెక్క వంగిన కోణం బోర్డు ముక్కు వైపు ఉండాలి. చెంచాలా మీ వైపు తిరిగి ఉంటే తిరగేసి పట్టుకున్నట్టే.

బోయ దగ్గర అందరూ దాటిపోతున్నారు. తిరగడం ఎలా?

సమాన బలమున్న ఇద్దరి మధ్య తేడా వచ్చేది ఇక్కడే. ఒక మలుపులో మూడు నాలుగు సెకన్లు పోతే, ఎనిమిది మలుపుల రేసులో అర నిమిషం పోయినట్టే. 

మూడు బోర్డుల దూరం ఉండగానే బోయకు కొంచెం ఎడంగా జరగండి. వెడల్పుగా వెళ్లి, దగ్గరగా బయటికి రావాలి. బోయకు అతుక్కుని లోపలికి వెళ్తే బయటికొచ్చేసరికి పక్కకు కొట్టుకుపోతారు, ఆ ఖాళీలో వెనకవాళ్లు దూరతారు. ముక్కు బోయ దగ్గరికి వచ్చేసరికి తెడ్డు బయటి వైపు చేతిలో ఉండాలి. ఇప్పుడు ఒక పాదం వెనక్కి, ఫిన్ (తోక కింద చుక్కానిలా ఉండే పలక) ఉన్న చోటికి దగ్గరగా వేయండి. మోకాళ్లు బాగా వంచండి. ముక్కు నీళ్ల నుంచి లేవగానే ముందు నుంచి తోక దాకా వెడల్పాటి అర్ధచంద్రంలా తెడ్డు లాగండి. రెండు, మూడు లాగుళ్లలో బోర్డు తిరుగుతుంది. తిరగ్గానే ఆ పాదాన్ని ముందుకు తెచ్చేయాలి. వెనకే ఉండిపోతే తోక ఈడ్చుకుంటూ పోతుంది.

పడిపోవడానికి దాదాపు ఎప్పుడూ ఒకటే కారణం. అడుగు వెనక్కి వేసే క్షణంలో తెడ్డు గాల్లో ఉంటుంది. తెడ్డు నీళ్లలో ఉంటే అది మూడో కాలు. అడుగు కదిలేటప్పుడు రెక్క నీళ్లను తాకుతూనే ఉండాలి, చూపు తర్వాతి బోయ మీద ఉండాలి.

సాధనకు ఇరవై లీటర్ల ఖాళీ వాటర్ క్యాన్ మూత బిగించి, తాడుకు ఇసుక సంచి కట్టి చెరువులో వదలండి. ఎడమకు పది, కుడికి పది మలుపులు తిరగండి. చాలామందికి ఒకవైపే వస్తుంది, పోటీలో రెండు వైపులా తిరగాల్సి వస్తుంది.

ఒడ్డు నుంచి పరుగెత్తే స్టార్టులో జాగ్రత్తలేమిటి?

నీళ్లు మోకాలు దాటకముందే బోర్డు మీదికి దూకితే ఫిన్ ఇసుకలో దిగబడి మీరు ముందుకు ఎగిరిపడతారు. కెరటాల్లో నడిచేటప్పుడు బోర్డును ఎప్పుడూ మీ పక్కన ఉంచుకోండి. మీకూ కెరటానికీ మధ్య అడ్డంగా పెట్టుకున్నారా, కెరటం దాన్ని తెచ్చి మీ పొట్టకో పళ్లకో కొడుతుంది. నురుగు రాగానే బోర్డు వదిలేసి మునగడం కూడా తప్పే. పద్నాలుగు అడుగుల బోర్డు, లీష్ (బోర్డును ఒంటికి కట్టే తాడు) కలిపి వెనకున్నవాళ్ల మీద పడేంత దూరం పోతాయి. మోకాళ్ల మీద కూర్చుని ముక్కు కాస్త లేపి నురుగు మీదుగా దాటడం నేర్చుకోండి. 

చాలా పోటీల్లో మోకాళ్ల మీద, లేదా కూర్చుని వేసే స్ట్రోక్‌లు వరసగా అయిదు మించకూడదు. పడి లేచాక ఊపిరి తీసుకోవడానికి ఆ అయిదూ వాడుకోవచ్చు, తర్వాత నిలబడాల్సిందే. ముగింపు గీత దాటేటప్పుడు తెడ్డు చేతిలో ఉందో లేదో చూస్తారు.

ముందువాళ్ల వెనకే అంటిపెట్టుకుని పోవడం తప్పా?

చాలా పోటీల్లో తప్పు కాదు. ముందు బోర్డు వదిలే అల మీద మీ ముక్కు కూర్చుంటే శ్రమ స్పష్టంగా తగ్గుతుంది. కాకపోతే అదే విభాగం, అదే రకం బోర్డు వెనకే పోవాలి. మహిళలు పురుషుల వెనక, గాలి బోర్డు గట్టి బోర్డు వెనక పోతే శిక్ష పడుతుంది. మీ ముక్కు వాళ్ల తోకకు అర మీటరు దూరంలో ఉంచి, వాళ్ల స్ట్రోక్ లయకే మీ లయ కలపండి. ఇద్దరు ముగ్గురు కలిసి పోతుంటే వంతులవారీగా ముందుకు రావడం మర్యాద.

లాంగ్‌బోర్డ్ అనిపించుకోవడానికి కొలతలేమిటి?

పొడవు కనీసం 9 అడుగులు. పై తలం మీద ముక్కు నుంచి తోక దాకా కొలుస్తారు. వెడల్పుకూ లెక్కుంది. అన్నిటికన్నా వెడల్పైన చోటు, ముక్కు నుంచి 12 అంగుళాల దగ్గర, తోక నుంచి 12 అంగుళాల దగ్గర, ఈ మూడు కొలతలు కలిపితే 47 అంగుళాలకు తగ్గకూడదు. పాత బోర్డు ముక్కు విరిగి బాగుచేయించుకున్నవాళ్లు టేపు పెట్టి మళ్లీ కొలుచుకోండి. అర అంగుళం తగ్గినా పోటీలోకి రానివ్వరు.

బోర్డు బాగుచేయడంలో ఒక హెచ్చరిక. ఈపీఎస్ (థర్మోకోల్ లాంటి) నురగతో చేసిన ఎపాక్సీ బోర్డుకు పాలియెస్టర్ రెజిన్ పూస్తే నురగ కరిగి గుంట పడుతుంది. ఏ బోర్డో తెలియకపోతే ఎపాక్సీ రెజినే వాడండి, అది ఎపాక్సీ, పాలియెస్టర్ బోర్డులు రెండింటికీ పనికొస్తుంది.

మార్కులు ఎలా వేస్తారు?

ప్రతి కెరటానికి 0 నుంచి 10. రెండు లోపు నాసి, నాలుగు లోపు పర్వాలేదు, ఆరు లోపు సగటు, ఎనిమిది లోపు మంచిది, ఆపైన అద్భుతం. అయిదుగురు న్యాయనిర్ణేతలుంటే పై మార్కు, కింది మార్కు తీసేసి మిగతా మూడింటి సగటు తీస్తారు. ఉదాహరణకు 6.0, 6.5, 5.8, 7.0, 6.3 వచ్చాయనుకోండి. 7.0, 5.8 పోతాయి. మిగిలినవాటి సగటు 6.27. మీ అత్యుత్తమమైన రెండు కెరటాల మార్కులు కలిపితే మీ హీట్ స్కోరు. రెండోది 4.90 అయితే మొత్తం 11.17, ఇరవైకి.

లాంగ్‌బోర్డ్‌లో చూసేది ముక్కు మీద సవారీ, అడుగుల తీరు, అదుపు, ఒక కదలిక నుంచి మరోదానిలోకి జారే లయ, అవన్నీ కెరటం నిటారుగా లేచే కష్టమైన చోట చేశారా లేదా అన్నది. షార్ట్‌బోర్డ్ అలవాటుతో బలవంతంగా తోక విసిరితే మార్కులు పెరగవు. సప్ సర్ఫింగ్‌లో తెడ్డును ఇరుసులా వాడి మలుపు తిప్పారా అన్నది చూస్తారు. తెడ్డు ఊరికే చేతిలో వేలాడుతుంటే మార్కులు తగ్గుతాయి.

ముక్కు దాకా నడిచినా మార్కులు రావడం లేదు. లోపం ఎక్కడ?

ఒక పాదం వేళ్లు ముక్కు అంచు మీదికి వస్తే హ్యాంగ్ ఫైవ్, రెండు పాదాల వేళ్లూ వస్తే హ్యాంగ్ టెన్. కానీ ఎంతసేపు, ఎక్కడ అన్నదాన్ని బట్టే విలువ. కెరటం చదునైపోయిన భుజం (ఇంకా విరగని పక్క భాగం) మీద అయిదు సెకన్లు నిలబడటం కన్నా, విరగబోయే గోడ మీద రెండు సెకన్లు నిలబడటం మేలు.

ముక్కు మీద అంత బరువు పెట్టినా బోర్డు ఎందుకు మునగదో తెలిస్తే సగం సమస్య తీరుతుంది. విరుగుతున్న కెరటంలో నీళ్లు గోడ వెంట పైకి లేచి తోక మీదుగా పారుతూ దాన్ని కిందికి నొక్కిపెడతాయి. తోక ఆ నీళ్లలో ఇరుక్కుని ఉన్నంతసేపే ముక్కు నిలుస్తుంది. కాబట్టి నడక మొదలుపెట్టేముందే తోకను ఆ చోట పెట్టాలి. కెరటం అడుగున మలుపు తిప్పి పైకెక్కండి. వెనక పాదం నొక్కి వేగం తగ్గించండి. విరిగే చోటు మిమ్మల్ని దాదాపు అందుకునేదాకా ఆగండి. బోర్డు ఒడ్డుకు కాకుండా గోడ వెంట, పై మూడో వంతులో సాగుతున్నప్పుడు నడవండి. ఒక కాలు ముందు ఇంకో కాలు దాటిస్తూ మూడు నాలుగు అడుగులు. పాదాలు ఈడ్చుకుంటూ జరిగితే మార్కులు పోతాయి. నడుము నిటారుగా, చూపు వేళ్ల మీద కాకుండా కెరటం సాగే వైపు.

ఎక్కువగా జరిగే తప్పు తొందరపడి నడవడం. వేగంగా పోతున్నప్పుడు నడిస్తే తోక ఖాళీ నీళ్ల మీదికి జారి, ముక్కు గుచ్చుకుంటుంది. రెండో తప్పు, వెనక్కి నడవకపోవడం. ముక్కు మీద నుంచి నీళ్లలో పడితే ఆ కదలిక పూర్తయినట్టు కాదు. వెనక్కి నడిచి మళ్లీ మలుపు తిప్పినవాళ్లకే పూర్తి విలువ.

ఫిన్, వ్యాక్స్ ఏది వాడాలి?

ముక్కు మీద సవారీకి 9-10 అంగుళాల ఒంటి ఫిన్, ఫిన్ బిగించే గాడిలో వెనక్కి జరిపి బిగించండి. వెనక్కి జరిపితే తోక పట్టు పెరుగుతుంది, ముందుకు జరిపితే మలుపు తేలికవుతుంది. ఒకేసారి అంగుళం కాకుండా పావు అంగుళం చొప్పున మార్చి చూడండి. మన తూర్పు తీరంలో నీళ్లు ఏడాదంతా వెచ్చనే కాబట్టి వేడి నీళ్లకు చేసిన ట్రాపికల్ వ్యాక్సే (కాలు జారకుండా బోర్డుకు పూసే మైనం) వాడాలి. చల్లనీళ్ల వ్యాక్స్ కరిగి జిడ్డై జారిస్తుంది. ముక్కు చివరి అంగుళం దాకా పూయడం మరవొద్దు.

వేరేవాళ్ల కెరటానికి అడ్డుపడితే ఏమవుతుంది?

ప్రాధాన్యం (కెరటం ముందుగా ఎంచుకునే హక్కు) లేని హీట్‌లో కెరటం విరిగే చోటుకు దగ్గరగా ఉన్నవాళ్లదే హక్కు. వాళ్ల ముందు మీరు లేచి నిలబడి వాళ్ల దారి చెడగొడితే అది అడ్డగింత. నిబంధనను బట్టి మీ రెండో కెరటం మార్కుల్లో సగమో, మొత్తమో పోతాయి. రెండుసార్లు చేస్తే నీళ్లలోంచి బయటికి రమ్మంటారు. ప్రాధాన్యం ఇచ్చే హీట్‌లో రంగు పలకలు చూపిస్తారు. మీ జెర్సీ రంగు పైనుంటే ఏ కెరటమైనా మీదే. కానీ చేతులో తెడ్డో వేసి అందుకోలేకపోయినా ఆ ప్రాధాన్యం పోతుంది. అందుకే ఊరికే ప్రతి కెరటానికీ చేతులు వేయొద్దు.

ఇరవై నిమిషాల హీట్‌ను ఎలా వాడుకోవాలి?

హీట్‌కు ముందు అరగంట ఒడ్డున కూర్చుని గడియారం చూడండి. పెద్ద కెరటాల గుంపు ఎన్ని నిమిషాలకొకసారి వస్తోంది, అందులో ఎన్నోది బాగా విరుగుతోంది? మొదటి మూడు నిమిషాల్లో నాలుగు మార్కుల కెరటమైనా ఒకటి ఎక్కేయండి. పది నిమిషాలకు రెండు మార్కులు చేతిలో ఉండాలి. తర్వాత వాటిలో చిన్నదాన్ని పెంచే పనే. ఒకే కెరటం ఎనిమిది వచ్చినా, రెండోది లేకపోతే ఆరు, ఆరు వచ్చినవాళ్లు గెలుస్తారు. 

చివరి అయిదు నిమిషాలకు పసుపు జెండా లేదా పలక వస్తుంది. ముగింపు హారన్ మోగేలోపు చేతులు బోర్డును వదిలి లేవడం మొదలుపెట్టి ఉంటేనే ఆ కెరటం లెక్కలోకి వస్తుంది.

ఇంకోటి: బంగాళాఖాతంలో తీరం వెంట ప్రవాహం మిమ్మల్ని తెలియకుండానే జరిపేస్తుంది. విశాఖ తీరంలో ఏడాదిలో ఎక్కువ కాలం అది ఉత్తరానికి లాగుతుంది. ఒడ్డున ఒకదాని వెనక ఒకటి ఉన్న రెండు గుర్తులు, ఉదాహరణకు దీపస్తంభం, వెనక కొబ్బరిచెట్టు, ఎంచుకోండి. రెండూ ఒకే గీతలో కనిపిస్తున్నంతసేపు మీరు చోటు మారలేదు.

లీష్ తప్పనిసరా?

సప్ రేసుల్లో దాదాపు అన్నిచోట్లా తప్పనిసరి. లాంగ్‌బోర్డ్‌లో నడకకు అడ్డమని కొందరు తీసేస్తారు. నిబంధన ఒప్పుకున్నా, మొదటి పోటీలకు మోకాలి కింద కట్టే లీష్ పెట్టుకోండి, అడుగుల్లో చుట్టుకోదు. పారే నదిలో మాత్రం చీలమండకు లీష్ కట్టొద్దు. అది మునిగిన కొమ్మకో స్తంభానికో చిక్కుకుంటే ప్రవాహం మిమ్మల్ని కిందికి నొక్కి, చెయ్యి చీలమండ దాకా అందనివ్వదు. గోదావరి, కృష్ణల్లో సాధన చేసేవాళ్లు నడుముకు కట్టి, ఒక్క లాగుతో ఊడిపోయే లీష్, లైఫ్ జాకెట్ వాడాలి.

మన దగ్గర పోటీలు ఎక్కడ జరుగుతాయి? తెలుగువాళ్లు ఎక్కడ సాధన చేయొచ్చు?

దేశంలో పోటీల కేంద్రాలు మంగళూరు దగ్గరి ససిహిత్లు, చెన్నై దగ్గరి కోవలం, మహాబలిపురం. 2025లో ఆసియా సర్ఫింగ్ పోటీలు మహాబలిపురంలో జరిగాయి, భారత సర్ఫర్ రమేశ్ బుదిహాల్ కాంస్యం గెలిచాడు. నెల్లూరు, తిరుపతి వైపువాళ్లకు కోవలం ఒక రాత్రి ప్రయాణం కూడా కాదు. విశాఖలో రుషికొండ వైపు సర్ఫింగ్ నేర్పేవాళ్లున్నారు. ఆర్కే బీచ్‌లో లోపలికి లాగే ప్రవాహాలు ప్రాణాలు తీసిన చోట్లున్నాయి, కొత్తవాళ్లు అక్కడ ఒంటరిగా దిగొద్దు. హైదరాబాద్‌వాళ్లు సప్ రేసుకు అనుమతి ఉన్న చెరువు మీద బాగానే సిద్ధం కావచ్చు. లోటు ఒక్కటే, పక్క అలలు. దానికి నెలకోసారైనా సముద్రానికి వెళ్లాల్సిందే.

సముద్రం ఎలా ఉంటుందో ముందే ఎలా తెలుసుకోవాలి?

హైదరాబాద్‌లోనే ఉన్న ఇన్‌కాయిస్ (భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం) తీరప్రాంతాల వారీగా కెరటాల ఎత్తు, వ్యవధి (ఒక కెరటానికీ మరోదానికీ మధ్య సమయం), గాలి అంచనాలు రోజూ ఇస్తుంది. ఎత్తు ఒక్కటే చూడకండి. ఒక మీటరు కెరటం 12 సెకన్ల వ్యవధితో వస్తే దూరం నుంచి వచ్చిన వరసైన కెరటం, లాంగ్‌బోర్డ్‌కు పండగ. అదే మీటరు 6 సెకన్లతో వస్తే స్థానిక గాలి లేపిన గజిబిజి. ఉదయం నేల మీది గాలి సముద్రం వైపు వీస్తుంది కాబట్టి గోడలు నున్నగా ఉంటాయి, పది దాటాక గాలి తిరుగుతుంది. ఉప్పెన హెచ్చరిక ఉన్న రోజున సాధనకు కూడా దిగొద్దు.

పోటీకి ముందు ఎంతకాలం, ఎలా సాధన చేయాలి?

ఎనిమిది వారాలు, వారానికి నాలుగు రోజులు. సప్ రేసుకు ఒక రోజు గంటన్నర నెమ్మదైన దూరం, ఒక రోజు నాలుగేసి నిమిషాలు గట్టిగా తెడ్డు వేయడం ఆరుసార్లు, మధ్యలో రెండు నిమిషాల విరామం, ఒక రోజు మలుపులు, స్టార్టులు, ఒక రోజు కెరటాలు. చివరి వారం దూరం సగానికి తగ్గించండి. లాంగ్‌బోర్డ్‌వాళ్లు వీలైనప్పుడల్లా నమూనా హీట్ పెట్టుకోవాలి. స్నేహితుడు ఒడ్డున గడియారం పట్టుకుని, మీరు రెండు కెరటాల కోసమే ఆడాలి. ఇవన్నీ మొదలుపెట్టేముందు ఆగకుండా 200 మీటర్లు ఈదగలరా? లేకపోతే ముందు ఈత.

మన ఎండలో నీళ్ల విషయం అశ్రద్ధ చేయొద్దు. గంట రేసుకు ముప్పావు లీటరు నీళ్లు, చిటికెడు ఉప్పు, కాస్త నిమ్మరసం, చక్కెర కలిపి వీపుకు తగిలించుకునే సంచిలో పోసుకోండి. సీసా బోర్డు మీద పెడితే మొదటి కెరటానికే పోతుంది.

బోర్డును ఊళ్లు దాటించడం ఎలా?

గాలి బోర్డు వీపు సంచిలో పడుతుంది, బస్సైనా రైలైనా ఇబ్బంది లేదు. 9 అడుగుల బోర్డుకు విమాన సంస్థల పొడవు పరిమితులు వేరువేరు, టికెట్ కొనకముందే రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. కారు పైన కడితే ముక్కు ముందుకు, ఫిన్ పైకి, వెనకవైపు ఉండాలి. మధ్యలో రెండు పట్టీలు కాక ముక్కు నుంచి బంపర్‌కు ఇంకో తాడు. దారిలో భోజనానికి ఆగితే నీడలోనే ఆపండి. మూసిన సంచిలో ఎండ తగిలితే నురగ ఉబ్బి పైపొర బుడగలా లేస్తుంది. లోపలి గాలి పోవడానికి చిన్న స్క్రూ ఉన్న బోర్డయితే ప్రయాణంలో దాన్ని తెరిచి ఉంచి, నీళ్లలో దిగేముందు బిగించండి.